ప్రామాణిక పగటి నిద్ర

పసిపిల్లలకి నిద్రపోవడం సరిగ్గా చేతకాదన్న సంగతి మా శాఖ కనిపెట్టేదాకా లోకంలో ఎవరికీ తెలీదు. ఇష్టమొచ్చినప్పుడు పడుకుంటున్నారు, ఇష్టమొచ్చినప్పుడు లేస్తున్నారు, అడిగే నాథుడు లేడు. ఇంత అరాచకం ప్రతి ఇంట్లోనూ సాగుతుంటే తల్లులు ముద్దులు పెట్టుకుంటూ కూర్చున్నారు గాని, ఒక్కరంటే ఒక్కరు పైకి రిపోర్టు చేసిన పాపాన పోలేదు.

మా శాఖ పేరు చెప్పను. రిటైర్మెంటు దగ్గర పెట్టుకుని ఇంకో సంజాయిషీ రాసుకునే ఓపిక నాకు లేదు. జిల్లా ఆఫీసులో సూపరింటెండెంటుని. ఇద్దర్ని కని పెంచాను, మనవల్ని ఎత్తుకుని తిరిగాను. అయినా పిల్లల నిద్ర గురించి నాకేమీ తెలీదని మొన్న శిక్షణ తరగతిలో మీసాలు కూడా సరిగ్గా రాని కుర్రాడొకడు తెర మీద గీతలు గీసి మరీ చెప్పాడు. ఇంత అజ్ఞానంతో అంతమందిని ఎలా పెంచేశానా అని అక్కడే కూర్చుని సిగ్గుపడ్డాను.

ఇదంతా మా డైరెక్టరు విశ్వంభర్ గారి చలవ. ఆయన రాజధానిలో ఉంటారు. ఎండాకాలంలో ఏదో చల్లటి ఊళ్లో శిక్షణకి వెళ్లొచ్చారు. అక్కడ పిల్లల డాక్టరమ్మ ఎవరో పగటి నిద్ర మీద మాట్లాడిందట. పుట్టిన కొత్తలో ఎప్పుడు పడితే అప్పుడు పడుకుంటారు, కొన్ని నెలలు దాటాక పొద్దునొక కునుకు, మధ్యాహ్నమొక కునుకు కుదురుకుంటాయి, బిడ్డకీ బిడ్డకీ తేడా ఉంటుంది, తల్లి అది కనిపెట్టుకుని మసలుకుంటే చాలు. ఆవిడ చెప్పింది ఇంతే. పాపం, మంచి మాటే చెప్పింది. అందులో మా డైరెక్టరు గారికి ఒక్క ముక్క గుచ్చుకుంది. బిడ్డకీ బిడ్డకీ తేడా ఏమిటి? ప్రభుత్వ ప్రాంగణంలో తేడా ఎలా ఉంటుంది?

తిరిగొచ్చిన వారంలోనే సర్క్యులరు దిగింది. "విషయము: శాఖా ప్రాంగణములలోని శిశువుల పగటి నిద్ర – క్రమబద్ధీకరణ – ఉత్తర్వులు జారీ చేయుట గురించి" అని పైన. ఉద్యోగినుల పిల్లల కోసం ఆఫీసుల్లో పెట్టిన క్రెష్‌లలో ఇకమీదట పిల్లలందరూ ఒకే వేళకి పడుకుని ఒకే వేళకి లేవాలి. దీని పేరు ప్రామాణిక పగటి నిద్ర. మధ్యాహ్నం భోజనాల తర్వాతది గంటన్నర. తగ్గితే నిద్రలోటు, పెరిగితే నిద్రమిగులు, రెండిటికీ తల్లి వివరణ ఇచ్చుకోవాలి. నెల్లాళ్లలో దారికి రాని బిడ్డని 'క్రమరహిత శిశువు' అని ప్రకటించి క్రెష్‌లో సీటు రద్దు చేస్తారు.

ఆఖర్న డైరెక్టరు గారు స్వహస్తంతో చేర్చిన వాక్యాలు రెండున్నాయి. "ప్రామాణిక నిద్ర పూర్తికాకమునుపే శిశువును మేల్కొల్పిన వారు, హోదాతో నిమిత్తం లేకుండా, అందుకు బాధ్యులగుదురు. అట్టి సందర్భములో శిశువుపై చర్య ఉండదు."

అది చదివి మా డి.డి. నరసింగరావు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. డి.డి. అంటే డిప్యూటీ డైరెక్టరు, మా జిల్లాకి పెద్ద. పేరులో సింహం ఉందన్న మాటే గాని, రాజధాని నుంచి ఫోనొస్తే కుర్చీలోంచి లేచి నిలబడి మాట్లాడతారు.

"ఎంత దూరం ఆలోచించారండీ మేడమ్! హోదాతో నిమిత్తం లేకుండా అన్నారు చూశారా? అదీ ప్రజాస్వామ్యమంటే!" అన్నారు. అని, ఆ ప్రజాస్వామ్యానికి నన్ను నోడల్ ఆఫీసరుని చేసి, అంటే అమలు భారమంతా నా నెత్తిన పెట్టి, చేతులు దులుపుకున్నారు.

మా క్రెష్ అంటే ఏదో అనుకునేరు. డి.డి. గారి గదిని ఆనుకుని ఉన్న పాత రికార్డు రూము. బీరువాలు బయటికి లాగి, గోడకి ఏనుగు బొమ్మ వేసి, నేలమీద చాపలు పరిచారు. ఆయా పైడమ్మ పైకప్పు కొక్కేనికి పాత చీర కట్టి ఉయ్యాల వేసింది. నలుగురైదుగురు పిల్లలు అందులో వంతులవారీగా ఊగుతూ, ఒకరి మీద ఒకరు పాలు కక్కుకుంటూ హాయిగా ఉండేవాళ్లు.

వాళ్లలో వెన్నెల ఒకతి. ఎనిమిదో నెల. బొద్దుగా, నెత్తిన ఒక్క పిలకతో, చూస్తే బుగ్గ కొరకబుద్ధేసేలా ఉంటుంది. దాని తల్లి వకుళ నా సెక్షన్లోనే జూనియర్ అసిస్టెంటు. వాళ్ల నాన్న మా ఆఫీసు జీపు డ్రైవరుగా చేస్తూ పోతే కారుణ్య నియామకం కింద ఉద్యోగం ఇచ్చారు. ఇంకా ప్రొబేషన్ దాటలేదు. మొగుడు లారీ మీద తిరుగుతాడు, వారానికోసారి ఇంటి మొహం చూస్తే గొప్ప. ఇంట్లో వాళ్లమ్మకి పక్షవాతం, మంచం మీదే ఉంటుంది. ఉన్న సెలవులన్నీ ప్రసవానికి అయిపోయాయి. ఆ క్రెష్‌లో సీటు ఉందా, ఆ పిల్ల ఉద్యోగం చేస్తుంది. సీటు పోయిందా, ఉద్యోగం పోతుంది. నలుగురి కంచాల్లోకి అన్నం ఆ సీటు మీంచే వస్తోంది.

సర్క్యులరు చదివిన రోజున వకుళ నా టేబుల్ దగ్గరకొచ్చి నిలబడింది. "మేడమ్, మా పాప వేళకి పడుకోదు మేడమ్. ఇంట్లోనూ అంతే."

"పడుకుంటుందిలే అమ్మాయ్. కాగితమ్మీద పడుకుంటే చాలదూ?" అన్నాను. మా శాఖలో రోడ్లూ భవనాలూ కాగితమ్మీదే లేస్తుంటే ఒక పసిపిల్ల కాగితమ్మీద పడుకోలేదా అని నా ధీమా.

మిగతా జిల్లాల వాళ్లు చేసింది అదే. పిల్లలంతా పది రోజుల్లో దారికొచ్చారని రిపోర్టులు పంపారు. రెండు జిల్లాల్లో అసలు క్రెష్‌లే లేవు, అక్కడ ఫలితాలు ఇంకా బాగున్నాయి. మా నరసింగరావు గారికి మాత్రం అబద్ధం రాయాలంటే భయం, నిజం రాయాలంటే ఇంకా భయం. ఆ కంగారులో నిజం టైపయి వెళ్లిపోయింది. "ఒక్క శిశువు మినహా" అని.

ఇంకేముంది, రాష్ట్రం కళ్లన్నీ ఆ ఒక్క శిశువు మీద పడ్డాయి.

ముందు పర్యవేక్షక బృందం దిగింది. వాళ్లు ఉయ్యాల చూసి ఉలిక్కిపడ్డారు. "ఇదేంటిది?"

"ఉయ్యాల బావూ," అంది పైడమ్మ.

"అంటే ఊపి పడుకోబెడుతున్నారా? అది స్వచ్ఛంద నిద్ర కాదు, ప్రేరేపిత నిద్ర. లెక్కలోకి రాదు."

ఉయ్యాల విప్పించేశారు. జోకొట్టడం ఒత్తిడి కిందకి వస్తుందట. జోలపాట ప్రలోభం కిందకి వస్తుందట. పాలసీసా నోట్లో ఉండగా కునుకుపడితే అది లంచం. బిడ్డ తనంతట తాను, స్వేచ్ఛగా, ఎవరి ప్రభావానికీ లోనుకాకుండా, ఒంటిగంటన్నరకి ఠంచనుగా కళ్లు మూసుకోవాలి. ఈ నిబంధనలు విని మిగతా తల్లులు ఒక్కొక్కరూ పిల్లల్ని అత్తగార్ల దగ్గరికీ అమ్మల దగ్గరికీ చేర్చేసి దణ్ణం పెట్టి ఊరుకున్నారు. వకుళకి చేర్చడానికి చోటు లేదు. రికార్డు రూములో వెన్నెల ఒక్కతే మిగిలింది, ఏనుగు బొమ్మతో కబుర్లు చెప్పుకుంటూ.

తర్వాత మెమో వచ్చింది. వకుళకి కాదు, సాక్షాత్తూ వెన్నెలకే. "కుమారి వెన్నెల, వయస్సు ఎనిమిది నెలలు, క్రెష్ లబ్ధిదారు. ప్రామాణిక నిద్రను ఉద్దేశపూర్వకముగా ఉల్లంఘించుచున్నందున మీపై ఏల చర్య తీసుకొనరాదో ఏడు దినములలోగా తెలుపవలెను" అని. మెమో అన్నాక ముట్టినట్టు సంతకం కావాలి కదా! అటెండరు తీసుకెళ్లి పిల్ల ముందు పెట్టాడు. వెన్నెల రెండు చేతులా ఆప్యాయంగా అందుకుని, ఆఫీసు ముద్ర ఉన్న మూల కొరికి నమిలేసింది.

నేను లాగేసరికి 'తెలుపవలెను' దాకా అయిపోయింది. నరసింగరావు గారు తల పట్టుకున్నారు. "ప్రభుత్వ పత్రం ధ్వంసం చేసిందని రాయాలా, స్వీకరించిందని రాయాలా మేడమ్?"

"జీర్ణించుకుందని రాయండి సార్. మీరూ నేనూ ఇన్నేళ్లలో చెయ్యలేని పని," అన్నాను. ఆయన నవ్వలేదు. ఆయనకి నవ్వు రావాలంటే పైనుంచి ఉత్తర్వు రావాలి.

వకుళ సమాధానం రాసింది. పాపకి పన్ను వస్తోందనీ, చిగుళ్లు సలపడం వల్ల నిద్ర పట్టడం లేదనీ. దానికి జవాబు తిరుగు టపాలో వచ్చింది. దంతోద్భవమునకు ముందస్తు అనుమతి తీసుకున్నట్లు ఆధారములు లేవు. వివరణ తిరస్కరించడమైనది.

నాకు ఒళ్లు మండిపోయింది. పన్ను పర్మిషన్ తీసుకుని వస్తుందటయ్యా ఎక్కడైనా?

ఆ మీదట యాప్ వచ్చింది. ఇక్కడ ఒక మాట చెప్పాలి. మేం పొద్దున్నే ఆఫీసుకి రాగానే సెల్‌ఫోన్ మొహానికి ఎదురుగా పెట్టుకుంటే, అది "దయచేసి కళ్లు ఆర్పండి" అంటుంది. కళ్లు ఆర్పితే మనిషని నమ్మి హాజరు వేస్తుంది. లేకపోతే ఫొటో పెట్టి మోసం చేస్తున్నామనుకుంటుంది. ఆ యాప్‌నే పేరు మార్చి, పక్కన చందమామ బొమ్మ పెట్టి, 'శిశునిద్ర' అని పంపించారు.

దాని పనితనం చూడాలని వెన్నెల ఎప్పుడు కళ్లు మూస్తుందా అని కాచుకుని కూర్చున్నాం. ఒకరోజు పొద్దున, ఎందుకోగాని, హఠాత్తుగా పడుకుంది. ఆ రోజు పక్క గదిలో డైరెక్టరు గారి టెలికాన్ఫరెన్సు. స్పీకరు హోరు గోడ దాటి మా చెవులు తినేస్తోంది. ఆ హోరులోనూ పిల్ల వెల్లకిలా పడి గుర్రుపెట్టింది. నేను గబగబా ఫోను తెచ్చి మొహం ముందు పెట్టాను.

"దయచేసి కళ్లు ఆర్పండి," అంది యాప్.

పిల్ల నిద్రపోతోంది.

"వ్యక్తి స్పందించుట లేదు. దయచేసి కళ్లు ఆర్పండి."

పైడమ్మ నడుము మీద చెయ్యేసుకుని నిలబడింది. "ఏటమ్మగోరూ ఇది? నిద్దరోతున్న బిడ్డని లేపి, కళ్లు ఆర్పించి, నిద్దరోతున్నాదని రాసుకోవాలా?"

రాజధానిలో సాంకేతిక విభాగానికి ఫోను చేశాను. అవతల కుర్రాడు చాలా మర్యాదగా మాట్లాడాడు. "కళ్లు ఆర్పకపోతే బొమ్మని పడుకోబెట్టి నమోదు చేస్తున్నారేమో మాకెలా తెలుస్తుంది మేడమ్?"

"నిద్రపోయేవాళ్లు కళ్లెలా ఆర్పుతారు నాయనా?"

"అది మీ వైపు సమస్య మేడమ్."

వారం తర్వాత దానికో మరమ్మతు పంపారు. బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు కళ్లు ఆర్పించాలి. ఆర్పిన కాసేపట్లో పడుకోవాలి. అక్కణ్నుంచి గంటన్నరా ఫోను బిడ్డ మొహాన్నే చూస్తూ కూర్చుంటుంది, అన్ని జిల్లా ఆఫీసుల్లో పెద్ద తెరల మీద చూపిస్తుంది. మధ్యలో లేస్తే సైరను మోగి, బాధ్యులెవరని అడుగుతుంది. వెన్నెలకి ఆ ఫోనంటే ప్రాణం. చూడగానే కిలకిలా నవ్వి, అడక్కుండానే కళ్లు టపటపా ఆర్పేది. ఆ తర్వాత ఆ ఫోను చేతికిమ్మని పేచీ. నిద్ర ఊసే లేదు.

టెలికాన్ఫరెన్సు రోజు నిద్ర సంగతి కూడా ఎలాగో పైకి చేరింది. వేళకాని వేళ కాబట్టి అనధికార నిద్ర కింద అదనపు అభియోగం నమోదయింది. నెల గడువు ముగిసింది. డైరెక్టరు గారు స్వయంగా జిల్లాకి వచ్చి ప్రత్యక్ష విచారణ జరిపి తుది ఉత్తర్వులు ఇస్తారని కబురొచ్చింది.

విచారణ రోజు పొద్దున వకుళ పాపకి తలంటి, కాటుక దిద్ది, ఉన్నవాటిలో మంచి గౌను వేసి తీసుకొచ్చింది. పిల్లకి గౌను వేసిందేగాని తన జాకెట్టు గుండీ ఒకటి తప్పు పెట్టుకుంది. "మేడమ్, ఉద్యోగం పోతే అమ్మ మందులు..." అని ఆపేసింది. దగ్గరకి లాక్కుని ఆ గుండీ సరిచేశాను.

మధ్యాహ్నం విశ్వంభర్ గారు వచ్చారు. ఎత్తుగా, తెల్లగా నెరిసిన జుట్టుతో, మెడలో గుర్తింపు కార్డుతో దర్జాగా ఉన్నారు. మనిషి చెడ్డవాడేం కాదు. భోజనం దగ్గర పైడమ్మ పప్పు వడ్డిస్తే చాలమ్మా అన్నారు. అంతవరకూ మామూలు మనిషే. రికార్డు రూములోకి వచ్చి కుర్చీలో కూర్చోగానే గొంతు మారిపోయింది.

ఫోను స్టాండుకి పెట్టాం. వెన్నెల కళ్లు ఆర్పింది. తల్లి ఒళ్లో కూర్చుని కొత్త మనిషిని నోరు తెరుచుకుని చూస్తోంది. ఆయన మొదలుపెట్టారు.

"చూడమ్మా. పై విషయమునకు సంబంధించి, శిశు నిద్ర అనునది వ్యక్తిగత అంశము కాదు. సమగ్ర దృక్పథముతో, దశలవారీగా, సంబంధిత అధికారుల సమన్వయముతో, నిర్దేశిత లక్ష్యములను నిర్ణీత కాలవ్యవధిలో..."

'దశలవారీగా' దగ్గర వెన్నెల ఆవలించింది. 'సమన్వయము' దగ్గర రెప్పలు వాలాయి. 'నిర్ణీత కాలవ్యవధి'కి తల తల్లి భుజమ్మీద వాలిపోయింది. వకుళ ఊపిరి బిగబట్టి మెల్లగా చాప మీద పడుకోబెట్టింది.

"నిద్ర నమోదు ప్రారంభమైనది," అంది ఫోను.

అప్పుడు తట్టింది నా మట్టిబుర్రకి! టెలికాన్ఫరెన్సు రోజు ఆ పిల్ల పడుకున్నది స్పీకరు హోరు ఉన్నా కాదు, ఆ హోరు వల్లే. ఈ గొంతుకే. నెల్లాళ్లుగా రాష్ట్రమంతా బుర్ర బద్దలుకొట్టుకున్న నిద్ర తీరు ఇదన్నమాట.

నరసింగరావు గారు చేతులు జోడించేశారు. "అద్భుతం సార్! మీ సమక్షంలో..." పర్యవేక్షక బృందంలో ఒకాయన మెల్లగా, "ఇది ప్రేరేపిత నిద్ర కిందకి రాదా?" అన్నాడు. "అధికారిక ప్రసంగం ప్రేరేపణ ఎలా అవుతుందండీ, నిబంధనల్లో లేదు," అని డి.డి. గారు ఆయన నోరు మూయించారు. డైరెక్టరు గారు చిరునవ్వుతో, మెచ్చుకోళ్లు అందుకోవడానికి మాట ఆపారు.

వెన్నెల కదిలింది. మొహం చిట్లించింది. ఫోను పసుపురంగుకి తిరిగి 'టీ టీ' అంది.

"సార్, ఆపకండి!" అన్నాను.

"ఏమిటి?"

"మాట్లాడండి సార్. మీరు ఆపితే పిల్ల లేస్తుంది. లేస్తే లేపినవాళ్ల మీద..."

నేను పూర్తి చెయ్యక్కర్లేకపోయింది. వాక్యం ఆయనదే కదా, గుర్తొచ్చింది. అన్ని జిల్లాల తెరలూ గుర్తొచ్చినట్టున్నాయి. "...కాలవ్యవధిలో సాధించుటకు గాను," అని గబుక్కున అందుకున్నారు. పిల్ల మళ్లీ నిద్రలోకి జారింది. ఫోను ఆకుపచ్చబడింది.

ఇక చూడండి ఆయన అవస్థ. ముందు శిశు నిద్ర విధానం చెప్పారు. అది అయిపోయింది. శాఖ లక్ష్యాలు చెప్పారు. నరసింగరావు గారు బీరువాలోంచి పాత సర్క్యులర్లు తెచ్చి ఒక్కొక్కటీ అందిస్తుంటే చదివారు. కుర్చీల కొనుగోలు, పాత జీపుల వేలం, కూజాల మీద మూతలు ఉంచుట గురించి. మంచినీళ్లు తాగడానికి ఆయన ఆగినప్పుడల్లా డి.డి. గారు అందుకున్నారు గాని, ఆ వణుకుడు గొంతుకి పిల్ల ఒక కన్ను తెరిచేది. అదంతా హోదా మహిమ. పర్యవేక్షక బృందం మాత్రం గోడకి ఆనుకుని ఎప్పుడో నిద్రపోయింది.

మధ్యలో మంత్రిగారి పేషీ నుంచి ఫోనట. పి.ఏ. పరిగెత్తుకొచ్చాడు. డైరెక్టరు గారు పిల్ల వైపు చూశారు, స్టాండు మీది ఫోను వైపు చూశారు. చేత్తోనే 'తర్వాత' అని సైగ చేసి, గోడకున్న మంటలార్పే సిలిండరు మీది సూచనలు చదవడం మొదలుపెట్టారు. ఒక అధికారి మంత్రిగారి ఫోను పక్కన పెట్టడం నా సర్వీసులో అదే మొదలు.

గంటన్నరకి ఇంకా కొంత ఉండగా సరుకంతా అయిపోయింది. చదవడానికి కాగితం లేదు, చెప్పడానికి లక్ష్యం లేదు. గొంతు బొంగురుపోయింది. ఆయన కుర్చీలోంచి దిగి చాప పక్కన నేలమీద కూర్చున్నారు. పిల్ల మొహంలోకి కాసేపు చూశారు. ఆ తర్వాత వచ్చిన గొంతు మేం ఎప్పుడూ వినలేదు.

"మా పాపా ఇలాగే గుప్పిళ్లు బిగించి పడుకునేది," అన్నారు. "నేను చూసింది ఎన్నిసార్లులే! నేనింటికొచ్చేసరికి పడుకునుండేది. పొద్దున్నే వెళ్లేటప్పటికి లేచేది కాదు. మెలకువగా ఉండగా ఎత్తుకున్నానో లేదో కూడా గుర్తులేదు. ఇప్పుడు ఫోను చేస్తే, నాన్నా ఏదైనా పనుందా అంటుంది. పనుంటేనే చేస్తాననుకుంటుంది. నీకేం తెలుసే ఇవన్నీ, బొండాం..."

వెన్నెల కళ్లు తెరిచింది.

ఏడవలేదు. ఆయన్నే చూసింది. ఎవరో ఇప్పుడే గదిలోకి వచ్చినట్టు వింతగా, ఇష్టంగా చూసి, కొత్త పన్ను కనబడేలా నవ్వింది. చెయ్యి చాచి ఆయన మెడలో కార్డు తాడు పట్టుకుని లాగింది.

"ఓసి నీ! లేచావా బంగారం!" అన్నారు విశ్వంభర్ గారు. ఆయన మొహమంతా వెలిగిపోయింది.

సైరను మోగింది. ఫోను ఎర్రగా మారింది. "నిద్రాభంగము. బాధ్యులను నమోదు చేయుము." కింద రెండు గడులు. ఒకటి శిశువు. రెండోది ఇతరులు.

నమోదు చెయ్యాల్సింది నోడల్ ఆఫీసరు, అంటే నేను. నరసింగరావు గారు నా పక్కకొచ్చి గొణిగారు. "శిశువు అని కొట్టెయ్యండి మేడమ్. మీకు దణ్ణం పెడతాను."

వకుళ తప్పు చేసిన దానిలా తల వంచుకుని కూతురి గౌను అంచు సరిచేస్తోంది. నాకు ఎక్కడ లేని కోపం ముంచుకొచ్చింది. ఎవరి మీదో సరిగ్గా చెప్పలేను. ఫోను తీసుకుని 'ఇతరులు' నొక్కి, పైకి చదువుతూ ఒక్కొక్క అక్షరమే కొట్టాను. విశ్వంభర్. హోదా, డైరెక్టరు.

"నా పేరా?" అన్నారాయన. తాడు ఇంకా పిల్ల చేతిలోనే ఉంది.

"హోదాతో నిమిత్తం లేకుండా అని మీరే రాశారు సార్. అట్టి సందర్భంలో శిశువుపై చర్య ఉండదని కూడా మీరే రాశారు."

ఆయన తాడు విడిపించుకోకుండా పిల్లనే చూశారు.

తర్వాత ఏమైందంటారా? శాఖ అన్నాక దేనికైనా మార్గం ఉంటుంది. డైరెక్టరుకి మెమో ఇవ్వాల్సింది డైరెక్టరే కాబట్టి, విశ్వంభర్ గారు విశ్వంభర్ గారికి మెమో ఇచ్చుకున్నారు. నిర్ణీత గడువులో సంజాయిషీ రాసుకున్నారు. పరిశీలించి, సంతృప్తికరముగా ఉన్నదని అభిప్రాయపడి, తదుపరి చర్యలు విరమించుకున్నారు. వెన్నెల బాధిత శిశువుగా నమోదయింది కాబట్టి దాని సీటు ఎవరూ కదపడానికి వీల్లేదు. వకుళ ప్రొబేషన్ పూర్తయింది. ఉత్తర్వు చేతికిచ్చినప్పుడు ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని బావురుమంది. నేనూ ఏడ్చాను, ఎందుకు దాచడం!

నిద్రాభంగానికి కారణమేమిటని వేసిన కమిటీ కూడా రిపోర్టిచ్చింది. డైరెక్టరు గారు అధికార భాషలో మాట్లాడినంతసేపూ శిశువు నిద్రించినది. సొంత మాటలలో మాట్లాడిన తక్షణమే మేల్కొన్నది. కావున తప్పు సొంత మాటలదే. ఆ వెంటనే ఉత్తర్వు. "ఇకపై క్రెష్‌లలో శిశువులతో ఎవ్వరునూ, హోదాతో నిమిత్తం లేకుండా, సొంత మాటలలో మాట్లాడరాదు." కింద విశ్వంభర్ గారి సంతకం.

ఉయ్యాల మాత్రం తిరిగొచ్చింది, ఇంక ఎవరూ అడగలేదు. మానేసిన పిల్లలూ ఒక్కొక్కరే వచ్చి చేరారు. పైడమ్మ సీసా పట్టుకుని, "పాలు తాగవలెనని ఇందుమూలముగా తెలియజేయడమైనది, తాగు నా తల్లే, తాగు," అంటుంది. చివరి ముక్క ఉల్లంఘనే. నేను వినీ విననట్టు ఊరుకుంటాను.

మొన్న భోజనాల వేళ ఆఫీసు ముందు కారు ఆగింది. విశ్వంభర్ గారు. పి.ఏ. లేడు, బృందం లేదు, ముందు కబురూ లేదు. ఈ పక్క పనుండి వచ్చానని, ఒకసారి తనిఖీ చేస్తానని అన్నారు. రికార్డు రూములోకి వచ్చి నేరుగా వెన్నెల దగ్గరికి వెళ్లి నేలమీద కూర్చున్నారు. వెన్నెల గుర్తుపట్టింది. పాకుతూ వచ్చి ఆయన మోకాలు పట్టుకుని నిలబడి, మొహంలోకి చూస్తూ కాచుకుంది.

ఆయన నోరు తెరిచారు. మళ్లీ మూసుకుని నా వైపు తిరిగారు. "ఏమండీ మేడమ్, ఆ ఉత్తర్వులో మినహాయింపు ఏమైనా ఉందా?"

"లేదు సార్. హోదాతో నిమిత్తం లేకుండా అని మీరే రాశారు."

ఉంది సార్, నేను వినడం లేదు, మాట్లాడుకోండి అనొచ్చు. పైడమ్మకి ఇచ్చిన వెసులుబాటు ఆయనకీ ఇవ్వొచ్చు. కానీ ఆ వాక్యం కింద సంతకం పైడమ్మది కాదు.

ఆయన తలూపారు. పిల్ల ఇంకా ఆయన మొహంలోకే చూస్తోంది. గొంతు సవరించుకున్నారు.

"పై విషయమునకు సంబంధించి..." అన్నారు.

వెన్నెల ఆయన మోకాలి మీద తల వాల్చి కళ్లు మూసుకుంది.